రోగి చేతికి వచ్చిన పుస్తకం: తెలుగులో స్వయంసహాయ ఆరోగ్య రచన - ఒక చారిత్రక పరిశీలన

1

మన సాహిత్య చరిత్రలు కావ్యాన్ని పట్టించుకున్నాయి, నవలను పట్టించుకున్నాయి, కరపత్రాన్ని కూడా కొంతవరకు పట్టించుకున్నాయి. కాని తెలుగువాళ్ల ఇళ్లలో అన్నిటికన్నా ఎక్కువగా నలిగిన ఒక రకం పుస్తకాన్ని మాత్రం అవి సాహిత్యంగా లెక్కించలేదు. అది ఆరోగ్య గ్రంథం. ఏ కథల పుస్తకమూ కొనని ఇంట్లో కూడా కీళ్లనొప్పుల మీదో, ఉబ్బసం మీదో, షుగరు మీదో ఒక చిన్న పుస్తకం గూట్లో దొరుకుతుంది. దాని అట్ట ఊడిపోయి ఉంటుంది. కొన్ని వాక్యాల కింద పెన్సిలు గీతలుంటాయి. ఆ గీతలు గీసినవాడు విమర్శకుడు కాడు, రోగి. తన ప్రాణం కోసం చదివినవాడు. అంత శ్రద్ధగా చదివే పాఠకుడు మన కవులలో ఎందరికి దక్కాడు?

రోగం రెండు విధాలు. వచ్చి పోయేది ఒకటి, వచ్చి ఉండిపోయేది మరొకటి. మొదటి దానిలో వైద్యుడి పాత్ర ప్రధానం. రెండవ దానిలో రోగి ఏడాదికి నాలుగైదు సార్లు మాత్రమే వైద్యుణ్ణి చూస్తాడు. మిగిలిన రోజులన్నీ తన రోగాన్ని తనే చూసుకోవాలి. ఏం తినాలి, ఎంత నడవాలి, మందు మరిచిపోతే ఏం చేయాలి, ఏ లక్షణం కనిపిస్తే ఆస్పత్రికి పరుగెత్తాలి - ఈ నిర్ణయాలు చేసేది అతనే. కాబట్టి దీర్ఘవ్యాధిగ్రస్తుడికి చదువు అలంకారం కాదు, చికిత్సలో ఒక భాగం. ఆ చదువును అతనికి ఎవరిచ్చారు, ఏ భాషలో ఇచ్చారు, ఏ ఉద్దేశంతో ఇచ్చారు అన్నదే ఈ వ్యాస విషయం.

2

పూర్వం వైద్య గ్రంథం వైద్యుడి కోసమే పుట్టింది. 'బసవరాజీయం' వంటి గ్రంథాలు చికిత్స చేసేవాడిని ఉద్దేశించినవే తప్ప చేయించుకునేవాడిని ఉద్దేశించినవి కావు. రోగికి దక్కింది ఒక్క మాట: పథ్యం. ఏది తినాలో, ఏది తినకూడదో వైద్యుడు చెబుతాడు, రోగి పాటిస్తాడు. ఎందుకని అడిగే హక్కు అతనికి లేదు. ఈ సంబంధంలో వైద్యుడు గురువు, రోగి శిష్యుడు. జ్ఞానం గుప్తధనం.

అచ్చుయంత్రం వచ్చాక ఈ సంబంధం కదిలింది. పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగంలో సంస్కర్తలు ఆరోగ్యాన్ని కూడా సంస్కరణ విషయంగా తీసుకున్నారు. కందుకూరి వీరేశలింగం (1848-1919) రచనల్లో 'దేహారోగ్య ధర్మబోధిని' ఉండడం యాదృచ్ఛికం కాదు. ఆయన స్వయంగా దగ్గుతో, ఆయాసంతో బతికిన మనిషి. వితంతు వివాహాల కోసం ఊళ్లు తిరిగిన ఆ దేహం బలమైన దేహం కాదు. అయితే మన విమర్శ ఆయన సంఘసంస్కరణను చూసింది, శైలిని చూసింది. రోగగ్రస్తమైన శరీరంతో ఒక జీవితకాలపు పనిని ఎలా సాగించాడన్న ప్రశ్నను వేసుకోలేదు.

1894లో ఒక ముఖ్యమైన ఘటన జరిగింది. జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో వైద్య పట్టా ఏదీ లేని లూయీ కూనే రాసిన 'నూతన చికిత్సా శాస్త్రం' అనే గ్రంథాన్ని ద్రోణంరాజు వెంకటాచలపతి శర్మ తెలుగులోకి తెచ్చారు. భారతదేశంలో ప్రకృతి చికిత్సా ఉద్యమానికి ఆరంభం ఈ తెలుగు అనువాదమేనని ఆ ఉద్యమ చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. హిందీ, ఉర్దూ అనువాదాలు మరి పదేళ్ల తర్వాత, 1904లో వచ్చాయి. తెలుగు పాఠకుడు ఈ విషయంలో దేశానికి ముందు నడిచాడన్నమాట.

కూనే సిద్ధాంతం స్థూలంగా ఇది: రోగాలు పలు రకాలుగా కనిపించినా అన్నిటికీ మూలం ఒకటే, శరీరంలో పేరుకున్న మలిన పదార్థం. దాన్ని బయటికి పంపడానికి నీళ్ల తొట్టి స్నానాలు, ఆవిరి, మితమైన శాకాహారం చాలు. మందు అక్కరలేదు, కత్తి అక్కరలేదు. శాస్త్రదృష్టితో చూస్తే రోగాలన్నిటికీ ఒకటే మూలమన్న వాదం నిలబడదు. కూనే ఈ పుస్తకం రాసేనాటికే, 1882లో, రాబర్ట్ కోఖ్ క్షయ క్రిమిని చూపించి ఉన్నాడు.

మరి అది మన దేశంలో ఎందుకంత బలంగా పాతుకుపోయింది? దీనికి జవాబు సిద్ధాంతంలో దొరకదు, ఆనాటి వస్తుగత పరిస్థితుల్లో వెతకాలి. ఆస్పత్రి జిల్లా కేంద్రంలో ఉంది. అక్కడి భాష ఇంగ్లీషు. వైద్యుడి ఫీజు రైతు ఇచ్చుకోలేడు. అటువంటప్పుడు నీళ్లు, మట్టి, ఎండ, ఉపవాసం అనే నాలుగు మాటలతో ఒక పుస్తకం వచ్చి, నీ శరీరం నీకే అర్థమవుతుంది, నువ్వే నయం చేసుకోగలవు అని చెప్పింది. అందులో శాస్త్రం తక్కువే కావచ్చు, కాని గౌరవం ఉంది. రోగిని మనిషిగా సంబోధించిన గౌరవం అది.

గాంధీజీ దక్షిణాఫ్రికాలో ఉండగా కూనేను, అడాల్ఫ్ జుస్ట్‌ను చదివాడు. 1913లో 'ఇండియన్ ఒపీనియన్' పత్రికలో గుజరాతీలో ఆరోగ్యంపై వరుసగా రాశాడు. 1942లో ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉన్నప్పుడు అదే విషయాన్ని మళ్లీ రాశాడు. మొదటి పుస్తకం తన రచనలన్నిటిలోకి ఎక్కువ ప్రచారం పొందిందని ఆయనే చెప్పుకున్నాడు. హైదరాబాదులో 1949లో డాక్టర్ వెంకటరావు, డాక్టర్ విజయలక్ష్మి దంపతులు ప్రకృతి చికిత్సాలయాన్ని స్థాపించారు. 1970లో గాంధీ పేరుతోనే అక్కడ ప్రకృతి వైద్య కళాశాల ఏర్పడింది. 1894 నాటి ఒక అనువాదం ముప్పావు శతాబ్దం గడిచేసరికి కళాశాల అయింది.

3

ఇక్కడ ఒక చారిత్రక సత్యాన్ని గట్టిగా చెప్పుకోవాలి. ఒక వాక్యం అర్థం నిఘంటువులో శాశ్వతంగా ఉండిపోదు, కాలాన్ని బట్టి మారుతుంది. "మందులు మానెయ్యి" అన్న వాక్యాన్ని తీసుకోండి. 1894లో క్షయకు మందు లేదు, మధుమేహానికి మందు లేదు. అప్పుడు ఆ వాక్యం రోగిని పనికిరాని కషాయాల నుంచీ, పాదరసపు మాత్రల నుంచీ కొంత కాపాడి ఉండవచ్చు. 1922 జనవరిలో టొరంటోలో ఒక పద్నాలుగేళ్ల బాలుడికి ఇన్సులిన్ ఎక్కించారు. 1940లలో స్ట్రెప్టోమైసిన్ వచ్చింది. ఆ తర్వాత అదే వాక్యం మనుషుల్ని చంపే వాక్యమైంది. పుస్తకం మారలేదు, లోకం మారింది. లోకం మారినా పుస్తకాన్ని మార్చకుండా పునర్ముద్రించడమే మన ఆరోగ్య గ్రంథాల పెద్ద దోషం.

పాశ్చాత్య దేశాల్లో ఇదే కాలంలో మరొక పాయ పుట్టింది. అమెరికాలో డాక్టర్ ఇలియట్ జాస్లిన్ 1918లో మధుమేహంపై ఒక చేతిపుస్తకం రాశాడు. అది వైద్యుడూ రోగీ ఇద్దరూ వాడుకోవడానికని శీర్షికలోనే ప్రకటించాడు. ఒకే పుస్తకం ఇద్దరి చేతుల్లో ఉండడమన్నది ఆనాటికి సామాన్యమైన ఆలోచన కాదు. ఇంగ్లండులో డాక్టర్ ఆర్.డి. లారెన్స్ తనే మధుమేహ రోగి. ఇక బతకననుకుని ఇటలీ వెళ్లినవాడికి 1923లో ఇన్సులిన్ వచ్చిందన్న కబురు అందింది. తిరిగి వచ్చి బతికాడు. 1925లో మధుమేహ జీవితంపై తన పుస్తకం ప్రచురించాడు. 1968 వరకు జీవించాడు. అతని రోగుల్లో ఒకడైన నవలాకారుడు హెచ్.జి. వెల్స్, అతనూ కలిసి 1934లో మధుమేహ రోగుల సంఘం స్థాపించారు. రచయితలు గమనించవలసిన సంగతి ఇది. భవిష్యత్తును ఊహించి నవలలు రాసిన వెల్స్ తన రోగాన్ని దాచుకోలేదు, దాని చుట్టూ ఒక సంఘాన్ని కట్టాడు.

మన దగ్గర 1950లలో మద్రాసులో ఒక ప్రయోగం జరిగింది. క్షయ రోగుల్లో కొందరిని శానిటోరియంలో ఉంచి, కొందరిని వారి ఇరుకు ఇళ్లలోనే ఉంచి, ఇద్దరికీ ఒకే మందులిచ్చారు. ఫలితాలు 1959లో ప్రచురితమయ్యాయి. ఇంట్లో ఉన్నవాళ్లు శానిటోరియంలో ఉన్నవాళ్లతో దాదాపు సమానంగా కోలుకున్నారు. మంచి తిండి, మంచి గాలి, మంచి మంచం లేకపోయినా మందు క్రమంగా అందితే పేదవాడు బతుకుతాడని అది రుజువు చేసింది. ప్రపంచ క్షయ చికిత్సా విధానాన్ని మార్చిన ప్రయోగమది. అయితే దానిలో దాగిన మరొక షరతును సాహిత్యకారులు గుర్తించాలి. ఇంటిదగ్గరి వైద్యం నడవాలంటే రోగికి ఎందుకు మింగుతున్నాడో తెలియాలి. దగ్గు తగ్గగానే మందు ఎందుకు మానకూడదో అర్థం కావాలి. అంటే ఇంటికి మందుతో పాటు మాట కూడా చేరాలి.

4

తెలుగులో ఆ మాట చేర్చే పని కొంతవరకు జరిగింది. 1906లో హైదరాబాదులో పుట్టిన విజ్ఞాన చంద్రికా మండలి ఆచంట లక్ష్మీపతి వంటి వైద్యుల చేత శాస్త్ర గ్రంథాలు రాయించింది. శాస్త్రాన్ని దేశభాషలో చెప్పాలన్న పట్టుదల ఆ మండలిది. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను ప్రారంభించిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకుంటూ ఇంటింటికీ తిరిగి అమ్మాడు. పాఠకుడు పుస్తకం దగ్గరికి రాలేనప్పుడు పుస్తకమే పాఠకుడి దగ్గరికి వెళ్లాలన్నది ఆయన ఆచరణ. మోకాళ్లు అరిగి మెట్లెక్కలేని పాఠకుడికి ఈ సూత్రం అక్షరాలా వర్తిస్తుంది. తర్వాతి దశాబ్దాల్లో విజయవాడ నాస్తిక కేంద్రానికి చెందిన డాక్టర్ సమరం పాఠకుల ప్రశ్నలకు వాడుక తెలుగులో జవాబులు రాసి, సిగ్గుతో దాచుకునే రోగాలను పత్రిక పుటల మీదికి తెచ్చారు.

1980లో ఏర్పడిన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 'వైద్యుడు లేనిచోట' ప్రచురించడం ఈ చరిత్రలో ఒక మలుపు. మూలరచయిత డేవిడ్ వెర్నర్ వైద్యుడు కాడు, జీవశాస్త్రం చదివిన ఉపాధ్యాయుడు. మెక్సికో కొండల్లో పేద రైతుల మధ్య పనిచేసి, 1973లో స్పానిష్‌లో ఈ పుస్తకం రాశాడు. ఇంగ్లీషు ప్రతి 1977లో వచ్చింది. అతనికి పుట్టుకతో వచ్చిన, కండరాలను క్షీణింపజేసే రోగం ఉంది. నడకలో ఇబ్బంది ఉన్న పిల్లవాడిగా పెరిగాడు. తర్వాత 1987లో పల్లెల్లోని వికలాంగ బాలల కోసం మరో పెద్ద గ్రంథం రాశాడు. శరీరం సహకరించని మనిషి ఇతరుల శరీరాల కోసం రాసిన పుస్తకాలివి. అందుకే వాటిలో జాలి ఉండదు, ఎలా చేయాలో ఉంటుంది. బొమ్మ ఉంటుంది. ఈ లక్షణం కనిపిస్తే ఇంట్లో ఆగకు, ఆస్పత్రికి వెళ్లు అన్న హెచ్చరిక ఉంటుంది. కూనే సంప్రదాయానికీ దీనికీ తేడా సరిగ్గా ఇక్కడుంది. ఒకటి, అన్నీ నీ చేతిలోనే ఉన్నాయంటుంది. మరొకటి, నీ చేతిలో ఏముందో, ఏది లేదో స్పష్టంగా చెబుతుంది.

బోస్టన్ నగరంలో స్త్రీలు కొందరు కూర్చుని తమ శరీరాల గురించి తామే రాసుకున్న చిన్న పుస్తకం 1970లో వెలువడింది. ఆ స్ఫూర్తితో తెలుగులో 1991లో 'సవాలక్ష సందేహాలు' వచ్చింది. రోగం ఒక్కొక్కరి ఇంట్లో ఒక్కొక్కరి కర్మగా ఉన్నంతకాలం దానికి మాట ఉండదు. నలుగురు కలిసి కూర్చుని చెప్పుకుంటే అది సామాజిక విషయమవుతుంది. స్టాన్‌ఫోర్డ్‌లో కేట్ లోరిగ్ బృందం 1970ల చివర కీళ్లవాత రోగులతో మొదలుపెట్టి, తర్వాత అన్ని దీర్ఘవ్యాధులకూ విస్తరించిన పద్ధతి కూడా ఇదే. వారానికోసారి చొప్పున ఆరు వారాలు సమావేశాలు జరుగుతాయి. వాటిని నడిపేది వైద్యులు కారు, తామే రోగులైన మామూలు మనుషులు. ఈ వారం నేను చేయగలిగిన చిన్న పని ఏమిటని ప్రతివాడూ చెప్పుకుని, వచ్చే వారం లెక్క చెప్పాలి. స్వయంసహాయం అన్న మాటలోని 'స్వయం' ఇక్కడ ఏకవచనం కాదు, బహువచనం.

5

ఇంతకూ స్వయంసహాయం అన్న మాటకు ఒక వర్గ చరిత్ర ఉంది. 1859లో శామ్యూల్ స్మైల్స్ ఇంగ్లండులో ఆ పేరుతోనే పుస్తకం రాశాడు. కష్టపడితే ఎవడైనా పైకొస్తాడు, రాలేదంటే తప్పు వాడిదే అన్న నీతి దాని వెన్నెముక. ఈ నీతి ఆరోగ్య గ్రంథంలోకి దూరినప్పుడు అది క్రూరంగా మారుతుంది. షుగరు తగ్గలేదా, నువ్వు నోరు కట్టుకోలేదు. నొప్పి తగ్గలేదా, నీకు మనోబలం లేదు. రోగికి రోగంతో పాటు నేరం కూడా అంటగట్టే రచన ఇది.

జొన్న సంగతి చూడండి. ఈనాటి ఆరోగ్య పుస్తకాలు జొన్నరొట్టెను ఆకాశానికెత్తుతున్నాయి. మంచిదే. కాని హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయంలో డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ శ్రీకంఠయ్య 1960లో రాసిన పత్రం ఈ ప్రాంతపు జొన్న తినే పేదల్లో కనిపించిన పెల్లాగ్రా గురించి. ఎండ తగిలిన చోట చర్మం నల్లబడి పగిలే రోగమది. జొన్న విషం కాదు. జొన్న తప్ప మరొకటి కొనలేని కూలి ఆ రోగాన్ని తెచ్చింది. పాలూ పప్పూ దొరికేవాడికి ఆరోగ్యమైన గింజ అవి దొరకనివాడికి రోగం. కాబట్టి ఆహార సలహా రాసేవాడు పాఠకుడి కూలి ఎంతో తెలియకుండా రాస్తే, అది శాస్త్రంగా కనిపించినా శాస్త్రం కాదు.

మరొక వైపు కూడా చెప్పాలి. అన్నీ వ్యవస్థ మారాకే అనుకుంటే రోగి అప్పటిదాకా ఆగలేడు. బోదకాలు ఉన్న మనిషిని తీసుకోండి. ఆ క్రిమి మీద పనిచేసే మందును 1940లలో కనుగొన్న బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావే. కాని ఒకసారి వాచిన కాలును ఆ మందు మునుపటిలా చేయలేదు. అక్కడ ఉపయోగపడేది రోజువారీ పని: సబ్బుతో, మంచినీళ్లతో కాలు కడగడం, వేళ్ల మధ్య తడి లేకుండా మెత్తగా తుడవడం, చిన్న పుండును కూడా వెంటనే చూసుకోవడం, కూర్చున్నప్పుడు కాలు ఎత్తుగా పెట్టుకోవడం, మడమ ఆడించడం, చెప్పులు వేసుకోవడం. దీనితో జ్వరపు పోట్లు తగ్గుతాయి, కాలు మరింత పెరగకుండా ఆగుతుంది. స్పర్శ పోయిన కుష్ఠు రోగి పాదానికీ, షుగరు రోగి పాదానికీ దాదాపు ఇదే వర్తిస్తుంది: రోజూ అరికాలు చూసుకోవడమే వైద్యం. అర పేజీ తెలుగు ఒక కాలును కాపాడుతుంది. ఆ అర పేజీని సరిగ్గా రాయగలవాళ్లు మనలో ఎందరున్నారు?

6

ఈ ప్రశ్నను గాలిలో వదలకుండా ఒక చోట నిలబెట్టి చూద్దాం. హైదరాబాదుకు దక్షిణాన, 2008లో శంషాబాదులో తెరిచిన విమానాశ్రయానికి పోయే దారిలో జల్‌పల్లి ఉంది. అక్కడ చెరువుంది. దగ్గరలోనే పహాడీ షరీఫ్ గుట్ట, దాని మీద బాబా షర్ఫుద్దీన్ దర్గా. తరతరాలుగా జబ్బుపడ్డవాళ్లు ఆ మెట్లెక్కి మొక్కుకున్నారు. గ్రామంగా ఉన్న జల్‌పల్లి 2016లో పురపాలక సంఘమైంది. నగరం అద్దెలు భరించలేని శ్రామికులు అక్కడికి చేరారు. వాళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లున్నారు, దక్కనీ ఉర్దూ మాట్లాడేవాళ్లున్నారు. తల మీదుగా విమానాలు పోతుంటాయి.

ఇటువంటి పేటలో ఏ క్లినిక్ బయట నిలబడినా ఒక దృశ్యం కనిపిస్తుంది. చీటీ పట్టుకుని ఒక నడివయసు స్త్రీ, చదువుకున్న పిల్లవాడెవడైనా వస్తాడా అని చూస్తుంటుంది. చీటీ ఇంగ్లీషులో ఉంటుంది. వెనక అచ్చువేసిన ఆహార సూచనలు కూడా ఇంగ్లీషులోనే. ఆ పిల్లవాడు మందు పేరు చదవగలడు గాని 'భోజనానికి ముందు' అన్నది ఏ భోజనానికో చెప్పలేడు. 2018 నుంచి నగరంలో బస్తీ దవాఖానాలు వచ్చాయి. మందు కొంత దగ్గరైంది. మాట ఇంకా దూరంగానే ఉంది. 2023లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహులు సుమారు 10 కోట్ల 10 లక్షలు. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణ ప్రాంతపు అక్షరాస్యత 66 శాతం మాత్రమే. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడకుండా ఆరోగ్య సాహిత్యం గురించి మాట్లాడడం వ్యర్థం.

ఆమెకు కావలసిన పుస్తకం ఎలా ఉండాలి? మొదట, ఆమె మాటలో ఉండాలి. ఆమె 'మధుమేహం' అనదు, 'షుగరు' అంటుంది. 'శ్వాసకోశ వ్యాధి' అనదు, 'దమ్ము' అంటుంది. గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోరాడి గెలిచిన తర్వాత కూడా మన ఆరోగ్య గ్రంథం గ్రాంథికపు గడప పూర్తిగా దాటలేదు. గ్రాంథికం పోయినచోట ఇంగ్లీషు వచ్చి కూర్చుంది. రెండవది, తెలుగుతో పాటు ఉర్దూలోనూ ఉండాలి, బొమ్మలతో ఉండాలి, చదవలేనివాళ్లకు ఒకరు బిగ్గరగా చదివి వినిపించేలా ఉండాలి. వినడానికి పనికొచ్చే వాక్యం రాయడం మన జానపదులకు తెలుసు, మనమే మరిచిపోయాం. మూడవది, ఏది రుజువైందో, ఏది నమ్మకమో వేరుచేసి చెప్పాలి. ఇన్సులిన్ మానిపించే పుస్తకం ఎంత తీయని తెలుగులో ఉన్నా ప్రజాసాహిత్యం కాదు. నాలుగవది, ఆమెను నిందించకూడదు. కుట్టుమిషను ముందు పది గంటలు కూర్చునే మనిషికి 'ఉదయం గంటసేపు నడవండి' అని రాసి ఊరుకుంటే అది సలహా కాదు, వెక్కిరింత. ఆ పది గంటల మధ్య ఎక్కడ లేచి నిలబడగలదో ఆమెతో కలిసి వెతికేదే సలహా.

ఐదవది అన్నిటికన్నా ముఖ్యం. ఆ పుస్తకాన్ని ఆమె కోసం రాస్తే చాలదు, ఆమెతో రాయాలి. వెర్నర్ పుస్తకం, బోస్టన్ స్త్రీల పుస్తకం నిలిచింది అందువల్లనే. దీర్ఘవ్యాధి ఉన్న మనిషికి తన రోగం గురించి ఏ వైద్యుడికీ తెలియని కొన్ని సంగతులు తెలుసు. ఏ బస్సులో ఏ మెట్టు ఎత్తుగా ఉంటుందో, నొప్పి ఏ పూట వస్తుందో, మాత్ర వేసుకున్నట్టు ఇంట్లో అబద్ధం ఎందుకు చెప్పాల్సివస్తుందో ఆమెకు తెలుసు. ఈ అనుభవ జ్ఞానమూ, పరిశోధనాలయపు జ్ఞానమూ కలిసినచోటే నిజమైన స్వయంసహాయ గ్రంథం పుడుతుంది.

అభ్యుదయ సాహిత్యం శ్రమించే చేతిని వర్ణించింది, పోరాడే పిడికిలిని కీర్తించింది. ఆ చెయ్యి వాచినప్పుడు, ఆ పిడికిలి కీళ్లవాతంతో ముడుచుకోనప్పుడు ఏం రాయాలో మనకింకా పూర్తిగా తెలియదు. నేర్చుకోవలసి ఉంది. సాహిత్య విద్యార్థులు ఈ సెలవుల్లో తమ ఇంటి గూట్లోని ఆ అట్ట ఊడిన పుస్తకాన్ని ఒకసారి బయటికి తీయాలి. పెన్సిలు గీతలున్న చోట ఆగి చదవాలి. ఆ గీతల కింది వాక్యం నిజమో కాదో విచారించాలి. నిజం కాకపోతే, దాని స్థానంలో నిలబడగల నిజమైన వాక్యాన్ని అంతే సులువైన తెలుగులో రాసి, ఇంట్లో చదివి వినిపించాలి. అది అర్థమైందని ఆ ఇంట్లో రోగి తలూపితే, ఆ వాక్యం ఉత్తీర్ణమైనట్టు.